డైరెక్టరుగారి పొత్తికడుపు మీద గీతలు

నీటి సరఫరా శాఖలో ముప్పై ఏళ్లపాటు కొరియాలోని డేగు నగరమంతటి కుళాయిలనూ తన చేతిలో పెట్టుకుని రిటైరైన నంగుంగ్ డైరెక్టరుగారికి, చివరికి సొంత కుళాయి దగ్గరే తేడా వచ్చింది. మూత్రసంచి కింద ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సర్. ఇంట్లోవాళ్లు కాక ఆ సంగతి తెలిసినవాడు ఊరుమ్మడి స్నానశాలలో డబ్బుకి ఒళ్లు రుద్దే చున్‌బే ఒక్కడే. వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి కూర్చునే ముసలాళ్ల దగ్గర ఏదైనా దాచవచ్చు గానీ, రుద్దే బల్ల మీద బోర్లా పడుకుని ఏం దాస్తారు?

ఆ ఆదివారం డైరెక్టరుగారు తుండు తీసి పొత్తికడుపు చూపించారు. ఊదారంగు సిరాతో మూడు గీతలు, తుంటికి అటొకటి, ఇటొకటి, మధ్యన ఒకటి.

"ముగ్గురు డాక్టర్లు కలిసి గీశారురా," అన్నారు, పతకం చూపించినట్టు. "రేడియేషన్ కిరణం నేరుగా గడ్డ మీదే పడుతుంది. వెంట్రుకవాసి తప్పదు. అలాంటి యంత్రం ఈ దేశంలో ఎన్నో లేవు."

"మంచిదండీ. అయితే అక్కడ రుద్దను."

"అక్కడే రుద్దాలి! రేపు పెద్ద డాక్టరు స్వయంగా వస్తాడు. మట్టి పేరుకున్న పొట్ట చూపించమంటావా ఆయనకి?"

"గీతలు పోతాయండీ."

"అంత పెద్ద ఆసుపత్రివాళ్లు పోయే సిరాతో గీస్తారా? ఆరో క్లాసులో బడి మానేసినవాడివి, నాకు చెప్తున్నావా?"

చున్‌బే చేతికి పచ్చటి గరుకు గుడ్డ తొడిగి నాలుగుసార్లు లాగాడు. మట్టి సేమ్యా పోగుల్లా రాలింది. దానితోబాటు ముగ్గురు డాక్టర్ల పనితనమూ రాలింది. కుడివైపు గీత మాత్రం సగం మిగిలింది.

డైరెక్టరుగారు తల ఎత్తి చూసుకున్నారు. ముఖం ఉడికించిన పీతలా ఎర్రబడింది. ఒళ్లు రుద్దించుకోవద్దని ఆసుపత్రివాళ్లు కాగితం మీద రాసి మరీ ఇచ్చారట. అది ఇప్పుడు చెప్పారు.

"కౌంటరు దగ్గర పెన్ను ఉంటుంది, పట్రా. మళ్లీ గియ్యి."

"నేనా?"

"మరి నేను గీసుకుంటే వంకర రాదూ? ఇంకో మాట. ఇది బయట పొక్కిందో, నీ బల్ల ఇక్కడ ఉండదు. మీ యజమానురాలు యోమ్ ఆవిడకి ఒక్క ముక్క చెప్తే చాలు."

బల్ల పోతే యాభై నాలుగేళ్ల వయసులో చున్‌బేకి ఇంకో పని దొరకదు. చేతికి వచ్చిన విద్య అదొక్కటే. 'తొట్టిలో ఈత కొట్టరాదు' అని బోర్డు రాసిన లావుపాటి పెన్ను తెచ్చి, గుర్తున్నంతలో గీశాడు. వేలెడు పైకో, వేలెడు కిందికో. వెంట్రుకవాసి తప్పని యంత్రానికి అతను వేసిన దారి అది.

ఇంటికి వెళ్లాక అన్నం ముందు కూర్చుని ఆలోచనలో పడ్డాడు. తను గీసిన గీత చూసుకుని కిరణం తిన్నగా వెళ్లి మంచి పేగును కాల్చేస్తే? డైరెక్టరు మీద అతనికి ప్రేమేమీ లేదు. కానీ ఆ గీత తన చేతిది.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి ఫోను చేశాడు. నలుగురి చేతులు మారాక ఒక అమ్మాయి పలికింది.

"గీతలు చెరిగాయా? రుద్దించుకున్నారా?" అంది, ముందే తెలిసినట్టు.

"అవునమ్మా. మళ్లీ గీసింది నేనే. బోర్డులు రాసే పెన్నుతో."

అవతల చిన్న దగ్గు వినిపించింది. నవ్వు మింగినప్పుడు వచ్చే దగ్గు.

"బాబాయ్‌గారూ, సోమవారం వచ్చిందంటే మాకు ఇదే గోల. డాక్టరుగారికి శుభ్రంగా కనబడాలని పెద్దాళ్లంతా గీకించుకునే వస్తారు. భయపడకండి. కిరణం వదిలేముందు రోజూ లోపల ఫోటో తీసి చూసుకుంటాం. చెరిగినవాళ్లకి మళ్లీ కొలిచి కొత్తవి గీస్తాం. కాకపోతే కాస్త ఆలస్యం అవుతుంది, అంతే."

ఆ ఆలస్యం ఎంతదో తర్వాతి ఆదివారం తెలిసింది. డైరెక్టరుగారు తుండు కట్టుకుని తిన్నగా కౌంటరు కిటికీ దగ్గరికి పోయి అరిచారు.

"యోమ్ అమ్మగారూ, ఆ చున్‌బేని ఇవాళే పంపించెయ్యండి. ద్రోహి వాడు!"

యోమ్ ఆవిడ ఉడికించిన గుడ్డు వలుస్తూనే, "ఎవరికి చేశాడండీ ద్రోహం?" అంది.

"నాకు!"

"ఏం చేశాడు?"

"ఫోను చేశాడు."

"ఎక్కడికి?"

బట్టలు మార్చుకుంటున్న ముసలాళ్లంతా ఆగిపోయారు. బనానా పాలు తాగుతున్నాయన గొట్టం నోట్లోంచి తీసేశాడు. ఎక్కడికో చెబితే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే తుండు కింద ఏముందో చెప్పాలి. ముప్పై ఏళ్లు ఊరికి నీళ్లు ఎందుకు రాలేదో తడుముకోకుండా చెప్పిన నోరు మొదటిసారి తడబడింది.

"గట్టిగా... గట్టిగా రుద్దుతాడు."

"అందుకేగా మూడు బస్టాపుల అవతలినుంచి వస్తున్నారు మీరు!" అంది యోమ్ ఆవిడ. గదంతా గొల్లున నవ్వింది.

కాసేపటికి డైరెక్టరుగారు వచ్చి బల్ల మీద పడుకున్నారు. కొత్త గీతల మీద ఈసారి పారదర్శకమైన టేపు అంటించి ఉంది.

"మూత్రసంచి నిండా నీళ్లు తాగించి పడుకోబెడతారు, తెలుసా నీకు?" గొణిగారు బల్లలోకి. "నువ్వు ఫోను చేశావని చెప్పి, కొత్త గీతలంటూ నలభై నిమిషాలు కదలనివ్వలేదు. ముగ్గురు కుర్రపిల్లలు చుట్టూ నిలబడి... ఆగలేదురా."

చున్‌బే ఆయన వీపు మీద గోరువెచ్చని నీళ్లు పోసి, వెనక్కి తిప్పడానికి ఎప్పుడూ కొట్టినట్టే రెండు చరుపులు చరిచాడు. డైరెక్టరుగారు వెల్లకిలా తిరిగారు. చున్‌బే ఛాతీ రుద్దాడు, చేతులు రుద్దాడు, బొడ్డు దగ్గర ఆగి కాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

"మధ్యలో వదిలేశావేం?"

"అక్కడ రుద్దనండీ."

"రేపు పెద్ద డాక్టరు—"

"ఆయన మీ లోపలే చూస్తాడంట లెండి. పైమట్టితో ఆయనకి పనిలేదు."

డైరెక్టరుగారు తల ఎత్తి టేపు వైపు చూసుకున్నారు. లేచిన అంచును వేలితో నొక్కి అంటించుకున్నారు.