వస అరగదీసిన రాయి

నేను ఒక సానరాయిని. గంధం తీసే సాననుకునేరు, కాదు. చంటిపిల్లల మందులు అరగదీసే సానని. నన్ను చెక్కినవాడు రోళ్లతో పాటు బండిమీద వేసుకుని కోనసీమలో కాలవ గట్టునున్న ఓ ఊరు తెచ్చాడు. అక్కడ ఓ ఇంటి పెద్దావిడ గీసిగీసి బేరమాడి రోలు కొని, నన్ను కొసరుగా పట్టుకుపోయింది. కొసరుగా వచ్చినదాన్నే ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువకాలం ఉన్నాను.

నామీద వసకొమ్ము అరగదీసి, ఆ వస చంటిపిల్ల నాలుకకి రాస్తే మాటలు గలగలా వస్తాయని ఆడవాళ్ల నమ్మకం. మాటలొస్తే పేరు వసకి, రాకపోతే నింద తల్లికి. మనుషుల న్యాయం అది, రాయిని నేనేమనగలను.

ఆ పెద్దావిడ తన కొడుక్కి రాసింది. ఆవిడ కోడలు పేరంటాలు తన కొడుకు గంగాధరానికి రాసింది. ఆ తరవాత పేరంటాలే మనవరాలు కుందనకి రాసేది. కుందనకి నాలుగేళ్లు నిండాయి. చెంబు తెమ్మంటే తెస్తుంది, తెలియనిది లేదు. నోరు తెరిస్తే మాత్రం ఒకటీ అరా ముక్కలే. మాట కళ్లలో కనపడేది, పెదవి దాటేది కాదు. చూసి చూసి రాయిని, నాకే కుదురు పోయింది.

“నీ పుట్టింటోళ్ల పోలికే ఇది. మా ఇంటా వంటా లేదు,” అనేది పేరంటాలు.

“డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా,” అనేది కోడలు సత్యవేణి.

“ఇంకో ఏడు చూద్దాం. వస చెయ్యంది డాక్టరు చేత్తాడా?”

ఇంకో ఏడంటే తక్కువా? అప్పటికే ఈడు పిల్లలు కుందనని ఆటకి పిలవడం మానేశారు. చివరికి ఓ పొద్దున సత్యవేణి పిల్లని చంకనేసుకుని కాకినాడ బయలుదేరింది. గంగాధరం మారుమాట లేకుండా వెంట నడిచాడు. తన వైద్యంలో లోపం లేదని చూపించడానికి పేరంటాలు నన్ను సంచిలో వేసుకుని తానూ బస్సెక్కింది.

మాటల డాక్టరమ్మ పిల్లని బొమ్మలతో ఆడించింది, చెవులు పరీక్ష చేయించింది. “చెవులు బాగున్నాయి, తెలివీ బాగుంది. మాటే కష్టమవుతోంది. ఇంట్లో ఇంకెవరికైనా మాటలు ఆలస్యమయ్యాయా?”

“మా వైపు ఎవరికీ లేదండి,” అంది పేరంటాలు, నన్ను తీసి బల్లమీద పెడుతూ. “వస కూడా మానకుండా రాత్తన్నానండి.”

“వస వల్ల మాటలు రావమ్మా. పిల్లలకి మంచిది కూడా కాదు. మానెయ్యండి.”

పేరంటాలుకి పౌరుషం వచ్చింది. “రావా? మా గంగాధరం ఐదేళ్లు నిండేదాకా అమ్మా అని కూడా అన్లేదండి. నేనూరుకున్నానా? రోజూ రాసి మాటలు రప్పించాను. వాళ్ల నాన్నక్కూడా అంతే, మా అత్తగారు ఈ రాయిమీదే...”

అక్కడ ఆగింది. సత్యవేణి అత్తగారి వంక చూడలేదు, మొగుడి వంక చూసింది.

“బళ్లో నన్ను మూగోడనేవోరండి,” అన్నాడు గంగాధరం నేల చూస్తూ. “ఇప్పటికీ మాట ఎతుక్కుంటానండి.”

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “ముక్కూ మొహం పోలిక వచ్చినట్టే ఇదీ వంశంలో రావచ్చు. ఏదో ఒక్క జన్యువు పని కాదు, చాలా కలిస్తే అవుతుంది. అందరికీ రావాలనీ లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఇంట్లో ఉందని తెలిశాక ఎదురుచూస్తూ కూర్చోకూడదు. మాట నేర్పే పాఠాలు ఇప్పుడే మొదలెట్టాలి.”

“మరి వాడికి వచ్చాయి కదండీ?”

“వచ్చాయి. ఎంత కష్టపడ్డాడో ఆయన్నే అడగండి.”

పేరంటాలు అడగలేదు. తిరుగు బస్సులో నన్ను ఒళ్లో కాక కాళ్ల దగ్గర పెట్టుకుంది.

ఇప్పుడు నన్ను వీధి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. పాఠాలకి సత్యవేణే తీసుకెళ్తోంది. పేరంటాలు వద్దనదు, వెళ్లమనీ అనదు. ఆవిడ ఎప్పుడు అడ్డం తిరుగుతుందో అని నాకొకటే గుబులు.

ఇందాక పక్కింటి సూరమ్మ వచ్చింది. “కొత్త వస తెచ్చాను వదినా. కోడలి పోలిక గదా, కాస్త గట్టిగా రాయాల.”

పేరంటాలు కుందనకి జడ అల్లుతోంది. చెయ్యి ఆగలేదు. “కోడలిది కాదే. మాదే. దీని నాన్నా ఇంతే, తాతా ఇంతే.”

లోపల సత్యవేణి తోముతున్న గిన్నె చప్పుడు ఆగిపోయింది.

“వస నువ్వే ఉంచుకో,” అంది పేరంటాలు రిబ్బను ముడేస్తూ. “ఇయ్యాల పాఠానికి నేను తీసుకెళ్తన్నాను. బస్సు టైమైంది, కాస్త దారియ్యి.”

పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మం దిగింది. కుందనకి ఎన్ని మాటలొస్తాయో, ఎప్పటికొస్తాయో నాకు తెలీదు. గాలికి తలుపు నన్ను నెడుతూనే ఉంది. వాళ్లు వచ్చేదాకా మూసుకోనివ్వను.