మూడు వద్దులు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోయి ఉంటే మీరే ఏరి పెట్టుకుని చదువుకోండి, ఏమీ అనుకోకండి. నా చెయ్యి నెమ్మది. ఈ కాస్త కథా రాసేసరికి చెరువు మీద మంచు గడ్డకట్టి, మళ్లీ కరిగింది కూడా.

మా ఊళ్లో మొగుడు పోయి ఒంటరిగా ఉంటున్న ఆర్డిస్ పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ దేనికీ మొదటి మాటకే సరే అనలేదు. మా మిన్నెసోటా పల్లెల్లో ఎవరమూ అనం. కాఫీ ఇస్తామంటే వద్దంటాం. మళ్లీ అడిగితే అబ్బే, మీకెందుకు శ్రమ అంటాం. మూడోసారీ వద్దనే అంటాం. నాలుగోసారి అడిగితే సరే, అర కప్పు చాలు అని మూడు కప్పులు తాగుతాం. అడిగేవాళ్లకూ తెలుసు, తాగేవాళ్లకూ తెలుసు. చిక్కల్లా ఆర్మండ్ డెలూకాతోనే వచ్చింది.

ఆర్మండ్ రైలింజన్లు బాగుచేసే పని మీద న్యూజెర్సీ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భార్య పోయింది. మనిషి మంచివాడు, కానీ వద్దంటే వద్దనే అనుకుంటాడు. ఒకసారి మంచు కురుస్తుంటే ఆర్డిస్ పక్కన కారాపి, "ఎక్కండి, దింపుతాను" అన్నాడు. "అబ్బే, నడుస్తానండీ" అంది ఆర్డిస్. "అలాగే, జాగ్రత్త" అని ఆయన వెళ్లిపోయాడు. ఆర్డిస్ మోకాలిలోతు మంచులో ఇంటిదాకా ఆ మనిషిని తిట్టుకుంటూ నడిచింది. పక్కనే కూర్చుని వెళ్లాలని ఆమెకు ఎంత మనసో ఆయనకేం తెలుసు?

అలాంటి ఆర్మండ్ ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి, "బుధవారం రాత్రి మీ ఇంటికి భోజనానికి రావచ్చా? మిమ్మల్నొక మాట అడగాలి" అన్నాడు. ఆ మాటేమిటో ఊరందరికీ తెలుసు. ఉంగరాల కొట్టు ఆవిడ శనివారం సాయంత్రానికే అందరి చెవినా వేసింది.

ఆర్డిస్‌కు ఆయన మీద బెంగ లేదు, తన నాలుక మీదే బెంగ. ఆయన ఒక్కసారే అడుగుతాడు. తన నోరు అలవాటుకొద్దీ వద్దంటుంది. ఆయన అలాగే అని టోపీ పెట్టుకుని వెళ్లిపోతాడు. అంతటితో ఈ జన్మకు సరి.

అందుకని బుధవారం పొద్దుటినుంచీ వంటింట్లో సాధన మొదలుపెట్టింది. ఆ రాత్రికి హాట్‌డిష్ చేస్తోంది. మా ఇళ్లల్లో చుట్టాలొస్తే ఇంకేం చేస్తాం? కీమా, ఉల్లిపాయలు వేయించి పళ్లెంలో పరిచింది. బీన్సు వేసి, పైన డబ్బా పుట్టగొడుగుల సూపు పోసింది. దాని మీద బంగాళాదుంప ఉండలు బడిపిల్లల్లా వరుసగా నిలబెట్టింది. ఒక్కో ఉండ పెడుతూ గొంతు బొంగురు చేసి, "ఆర్డిస్ గారూ, నన్ను పెళ్లి చేసుకుంటారా?" అని తనే అడిగింది. వెంటనే, "సరే" అని తనే జవాబిచ్చింది. మొదటి వరుసకు ఆ సరే ఎలుక కూసినట్టు వచ్చింది. నాలుగో వరుసకు గొంతు తెరుచుకుంది. పళ్లెం నిండేసరికి సరే అన్నది తుమ్ములాగా ఆపుకోలేనిదై కూర్చుంది.

పళ్లెం పొయ్యి అరలోకి వెళ్లి, వాసన వీధి మలుపు దాకా పాకింది. తలుపు తోసుకుని తమ్ముడు వెర్లిన్, అతని భార్య లవోన్ దిగారు.

"ఇటుగా వెళ్తున్నాం అక్కా, అంతే. కూర్చునేది లేదు" అన్నాడు వెర్లిన్, బూట్లు విప్పేస్తూ. "అయినా నీకు ఇబ్బంది లేకపోతే భోజనానికి ఉండిపోమంటావా ఏంటి?"

"సరే" అంది ఆర్డిస్.

అని నాలుక కరుచుకుంది. వెర్లిన్ తెల్లబోయాడు. అక్క బతిమాలితే కనీసం రెండుసార్లు వద్దందామని సిద్ధపడి వచ్చాడు పాపం.

"వదినకి ఒంట్లో బాగాలేదేమో" అంది లవోన్ గుసగుసగా. పరీక్షించడానికి కాబోలు, బల్ల మీదున్న ఆకుపచ్చ పింగాణీ గిన్నె ఎత్తి చూసింది. "ఎంత బాగుందో! ఇది నాకిచ్చేస్తావా వదినా?"

"సరే."

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, మంచు ఊడ్చే మిషను ఈ చలికాలం నా దగ్గరే ఉంచుకోనా?"

"సరే."

"మరి బావగారి చేపల పడవ..."

లవోన్ అతని డొక్కలో పొడిచింది. "చాలు, ఊరుకో! ఇల్లు కూడా అడుగుతావా?"

ఆర్డిస్ చేత్తో నోరు మూసుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఆయన వచ్చేలోగా ఇంట్లో చెంచా అయినా మిగులుతుందో లేదో!

ఆరింటికి ఆర్మండ్ వచ్చాడు, మెడకు టై కట్టుకుని. బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. ఆర్డిస్ పళ్లెం తెచ్చి పెట్టి, "వడ్డించనా అండీ?" అంది.

"వెయ్యండి, వెయ్యండి" అన్నాడు ఆర్మండ్.

లవోన్ ఊపిరి బిగబట్టింది. వెర్లిన్ కిటికీ వంక చూశాడు. పరాయి మనిషి సిగ్గు విడిస్తే మనమే తల తిప్పుకోవాలి కదా.

"నీకురా?"

"అబ్బే, నాకాకలి లేదక్కా" అన్నాడు వెర్లిన్. "నీకూ?" అంటే, "నేను పొద్దున తిన్నదే అరగలేదు వదినా" అంది లవోన్. వీళ్లు మర్యాదలో ఉండగానే ఆర్మండ్ రెండోసారి వేసుకున్నాడు. మూడోసారీ వేసుకున్నాడు. వీళ్లు మూడో వద్దు దాటి సరే అనేసరికి పళ్లెం సగమై, వెర్లిన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

చివరికి మూలన ఒక్క ముక్క మిగిలింది. చివరి ముక్క ముట్టుకోవడం మా ఊళ్లో చర్చి హుండీలో చెయ్యి పెట్టడంతో సమానం. లవోన్ దాన్ని సగం కోసి సగమే తీసుకుంది. వెర్లిన్ ఆ సగంలో సగం తీసుకున్నాడు. లవోన్ మళ్లీ అందులో సగం కోసింది. పళ్లెంలో ఇక ఒక్క బంగాళాదుంప పెచ్చు మిగిలింది. వెర్లిన్ దాన్ని కూడా కత్తితో రెండు చేస్తున్నాడు.

"ఏం చేస్తున్నారండీ? ఆపరేషనా?" అన్నాడు ఆర్మండ్.

ఆయన మూతి తుడుచుకుని, కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. ఆర్డిస్ చేతిలో కాఫీ కూజా ఉంది.

"ఆర్డిస్ గారూ, నాకు తిప్పి మాట్లాడటం రాదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

పొద్దుటినుంచీ అరగదీసిన సరే గొంతు దాకా వచ్చింది. కానీ చేతిలో కూజా ఉందాయె, ఎదురుగా బల్లా, పళ్లేలూ ఉన్నాయాయె. ఇన్నేళ్ల అలవాటు దాన్ని మెడ పట్టుకుని వెనక్కి గెంటింది.

"అబ్బే, ఎందుకండీ, మీకు శ్రమ" అంది ఆర్డిస్.

"అలాగేనండి" అన్నాడు ఆర్మండ్ నెమ్మదిగా. కప్పులో చక్కెర వేసుకున్నాడు.

లవోన్ బల్ల కింద నుంచి ఆర్మండ్‌ను ఒక్క తన్ను తన్నబోయింది. అది వెర్లిన్‌కు తగిలింది.

"అబ్బా! నేనేం చేశానే?"

"చెప్పు ఆయనకి!"

వెర్లిన్ కాలు రుద్దుకుంటూ, "ఆర్మండ్ గారూ, అది వద్దు కాదండీ. అది మొదటి వద్దు" అన్నాడు.

"వద్దుల్లో రకాలుంటాయా?"

"మూడండీ. మొదటిది మర్యాదకి. రెండోది మొదటిది ఉత్తుత్తిది కాదని చెప్పడానికి. మూడోది ఎదుటివాళ్ల చేతిలో గరిటె ఇంకా ఉందో లేదో చూసుకోవడానికి."

ఆర్మండ్ ఆర్డిస్ వంక చూశాడు. ఆమె మొహం బీట్‌రూట్‌లా ఎర్రబడి ఉంది. "అయితే మళ్లీ అడుగుతున్నాను. నన్ను చేసుకుంటారా?"

ఆర్డిస్ పళ్లు బిగించింది. లవోన్ పెదాలు కదుపుతూ సరే, సరే అని అందించింది. ఆర్డిస్ నోరు తెరిచింది.

"నిజంగా వద్దండీ. కడుపు నిండా ఉంది."

వెర్లిన్ చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఆర్మండ్ లేచి కొక్కేనికున్న కోటు అందుకున్నాడు. "రెండుసార్లు అడిగాను. మా వైపు ఆడమనిషిని మూడోసారి అడిగితే ఆమె అన్నదమ్ములు వాకిట్లోకి లాక్కెళ్లి తంతారు" అని వెర్లిన్ వంక చూశాడు.

"నేనా? నాకు మోకాలు నొప్పండీ! మీరు అడగండి!" అన్నాడు వెర్లిన్.

"వద్దన్న మనిషిని వేధించడం నా వల్ల కాదు" అని ఆర్మండ్ ఒక చెయ్యి కోటులో దూర్చాడు.

లవోన్ ఆర్డిస్ భుజం పట్టి కుదిపింది. "వదినా, అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు అడుగు!"

ఆర్డిస్ ఏనాడూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఉప్పు కావాలన్నా, ఉప్పు అటువైపు ఉన్నట్టుంది అంటుంది గానీ ఇలా ఇవ్వమని అనదు. కూజా పట్టుకునే, "పెళ్లికొడుకు... ఆ తలుపు దగ్గర ఉన్నట్టుంది" అంది.

ఆర్మండ్ వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరండీ?"

"అయ్యో దేవుడా!" అని లవోన్ నెత్తి కొట్టుకుంది.

ఆర్డిస్ కూజా బల్ల మీద దభాలున పెట్టింది. కాఫీ చింది వెర్లిన్ చొక్కా మీద పడింది. "మీరేనండీ! మిమ్మల్నే! నన్ను పెళ్లి చేసుకుంటారా?" అని పక్కింటికి వినపడేలా అరిచింది.

"చేసుకుంటాను" అన్నాడు ఆర్మండ్.

"ఒక్కసారికే ఒప్పేసుకున్నాడు!" అంది లవోన్, నోటి మీద చెయ్యి వేసుకుని.

"కాస్త కూడా మొహమాటం లేదు" అన్నాడు వెర్లిన్, చొక్కా తుడుచుకుంటూ.

ఆర్డిస్‌కు నవ్వో ఏడుపో తెలియనిదేదో పొంగుకొచ్చింది. ఒక చెయ్యి కోటులోనూ, ఒక చెయ్యి బయటా ఉన్న ఆ మనిషిని చూసి, "కోటు విప్పి కూర్చోండి" అంది.

ఆయన కూర్చున్నాడు. రెండోసారి చెప్పించుకోలేదు.

ఈ కథ రాసింది ఇంగాబోర్గ్ క్విస్ట్, ఎనభై ఒక్కేళ్లు. ఇప్పుడు ఉంటున్నది మిన్నెసోటాలోని ఫెర్గస్ ఫాల్స్‌లో, చెల్లెలి ఇంట్లో.