గ్లాసులో చెంచా

చక్రాల మీద నీళ్లు కుమ్మరించి సందుల్లోని బురదను బ్రష్షుతో తోముతున్నాడు డ్రైవరు. వరండాలో నిలబడ్డ అయ్యగారి కూతురికి నవ్వొచ్చింది.

"ఇవాళ ఇచ్చేసే బండికి ఇంత సింగారమా? అత్తారింటికి పంపుతున్నావా ఏంటి?"

"పంపేది మీరే కదమ్మా," అన్నాడు తలెత్తకుండా.

పందొమ్మిదేళ్లుగా అతని చేతిలో ఉన్న బండి. చిన్న గదంత ఉంటుంది. ఎనిమిది సిలిండర్ల ఇంజను. తాళం తిప్పితే ఆ ఉరుము ముందు నడుముకు తెలిసి, తర్వాత చెవికి తెలిసేది. పెట్రోలు తాగే తాగుడుకి ఇల్లు గుల్లవుతోందని అయ్యగారు ఏటా సణిగేవారు. ఇప్పుడు ఇంత పెద్ద బండ్లకీ చిన్న ఇంజన్లు పెట్టి, టర్బో తగిలిస్తున్నారు. దీన్నిచ్చి అలాంటిది తీసుకోడానికి అయ్యగారు మనసు గట్టి చేసుకున్నారు.

మధ్యాహ్నం భోజనానికి తన ఇంటి ముందు ఆపాడో లేదో, భార్య గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఆమెకు చెవులు పూర్తిగా పోయి నాలుగేళ్లు. పక్కింటి గోడ వైపున్న కిటికీ మీద ఒక గాజుగ్లాసు, అందులో ఒక చెంచా పెట్టుకుంది. బండి సందు తిరగ్గానే చెంచా వణికేది. అది చూసి లేచి కంచం పెట్టేది. ఆ గ్లాసుతో ఇంట్లో ఎవరూ నీళ్లు తాగరు.

తిన్నాక ఆమెకు ఎదురుగా నిలబడి నెమ్మదిగా అన్నాడు. "ఈ పూటతో ఇది పోతుంది. రా, ఒక చుట్టు తిప్పుతాను."

ఆమె అతని పెదాలనే చూసింది. "ఇన్నేళ్లు అడిగితే సీట్లు మాసిపోతాయన్నావు. ఇవాళ మాసిపోవా?"

ఎక్కించుకోమని అయ్యగారు ఎన్నోసార్లు అన్నారు. అడ్డుపడ్డది తనే.

ఆమె నవ్వుతూ చీర మార్చుకోడానికి లోపలికి వెళ్లింది. అంతలో షోరూము నుంచి ఫోను. పాత బండి కొనుక్కునే మనిషి వెళ్లిపోతాడట, వెంటనే తెమ్మన్నారు.

సగం కుచ్చిళ్లు చేతిలో పట్టుకుని నిలబడ్డ భార్యతో, "సాయంత్రం కొత్తదాంట్లో తిప్పుతాలే," అన్నాడు.

"అది మరీ కొత్తది కదయ్యా. దాన్ని అసలు ఎక్కనివ్వవు."

షోరూములో అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "బయటికి పోయే పొగ ఊపుతోనే టర్బో తిరిగి, ఇంకా గాలిని లోపలికి నెడుతుందండీ. అందుకే చిన్న ఇంజనుకే అంత బలం."

"మా ఆవిడ లాంటిదన్నమాట. ఏదీ పారేయదు."

ఆ అమ్మాయి నవ్వింది. "గట్టిగా తోలాక మాత్రం వెంటనే ఆపేయకండి. కాసేపు అలా ఆడనిచ్చి ఆపండి."

అప్పుడే వెనక ఆ ఉరుము వినిపించింది. తిరిగి చూసేసరికి పాత బండి గేటు దాటి మలుపు తిరుగుతోంది. తుడుచుకునే గుడ్డ అందులోనే ఉండిపోయింది.

సాయంత్రం కొత్త బండిని ఇంటి ముందు నిలిపాడు. చెప్పినట్టే ఇంజను ఆపకుండా, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. యాక్సిలరేటరు నొక్కాడు. సన్నటి ఈల లాంటిది లేచి అణిగిపోయింది. ఇంకా గట్టిగా నొక్కాడు. పక్కింటావిడ తొంగిచూసి వెళ్లిపోయింది.

ఇంజను ఆపి లోపలికి వెళ్లాడు. మంచి చీర కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, అతనికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉంది భార్య. కిటికీ వైపే చూస్తోంది. ఇంత దగ్గరగా వచ్చినా ఆమెకు తెలియలేదు. భుజం తట్టబోయిన చెయ్యి గాలిలోనే ఆగింది.

కిటికీ మీద గ్లాసులో చెంచా ఒక పక్కకు ఆని, కదలకుండా ఉంది.