హమ్మయ్య అన్న మాట

"సదస్సట! ఫోన్లో ఊసుపోని కబుర్లకు ఎంత పేరు పెట్టావే!" అన్నాడు భర్త, మంచం మీది తన తండ్రి గడ్డం ఆమె తుడుస్తుంటే చూస్తూ. మామగారు పక్షవాతంతో మంచాన పడగానే, "ఆయాని పెడితే నలుగురూ ఏమనుకుంటారు?" అని ఆమె చేత టీచరుద్యోగం మాన్పించిందీ అతనే. అప్పట్నుంచీ తనలాగే ఇంట్లో రోగులకు చాకిరీ చేసే ఆడవాళ్ల కోసం ఫోన్లో ఒక గ్రూపు నడుపుతోంది. వీపు పుండ్లకు ఏం రాయాలి, మందు మింగనంటే ఏం చేయాలి, అందరూ ఇవే రాసేవారు. మనసులోది ఎవరూ రాయరు. రాసింది ఇంట్లో ఎవరి కంటైనా పడితే కొంప మునుగుతుంది. అందుకే ఒక్క పూటైనా ముఖాలు చూసుకుని మాట్లాడుకుందామని ఈ సదస్సు తలపెట్టింది. "ఆ పూట నాన్నను నేను చూసుకుంటాలే, మహాతల్లీ" అని భర్త దానమిచ్చినట్టు ఒప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ తెర నిండా ముఖాలు. ఒకామె వంటింట్లోంచి, ఇంకొకామె బాత్రూములో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని. మొదట ఒకరి మాటకు ఒకరు అడ్డొచ్చి నవ్వుకున్నారు. తర్వాత, గ్రూపులో ఎప్పుడూ దండం బొమ్మ తప్ప ఏమీ పెట్టని కుట్టుపనామె నోరు విప్పింది.

"మొన్న మా అత్త పోయింది. అందరూ ఏడుస్తుంటే నాకు హమ్మయ్య అనిపించింది. ఆ రోజు కంటినిండా నిద్రపోయాను. ఇన్నేళ్లు ఆమెకు స్నానం చేయించిన చేతులివి. నేను మనిషినేనా అక్కా?"

సదస్సు నడిపేది తనే కాబట్టి ఏదో ఓదార్పు మాట వెతుక్కుంది. నిజం తప్ప మరేమీ దొరకలేదు.

"మనిషివే చెల్లీ. మా మామగారికి దగ్గి దగ్గి ఊపిరాగినట్టయిన ప్రతిసారీ, ఇక చాలు అనిపిస్తుంది నాకు. మళ్లీ ఊపిరి తీసుకుంటే ఏడుపొస్తుంది. అది సంతోషంతో వచ్చే ఏడుపు కాదు."

వెనక గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు.

"నాన్న పక్క తడిపాడు, నిన్ను పిలుద్దామని వచ్చా. అయితే మా నాన్న ఎప్పుడు పోతాడా అని కాచుక్కూర్చున్నావన్నమాట!"

అందరూ విన్నారు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. లేవబోయింది. "నాకూ అలాగే అనిపించింది" అంది తెరలోంచి ఎవరో. "నాకూ" అంది ఇంకో గొంతు. బకెట్ మీద కూర్చున్నామె చెయ్యెత్తింది. ఒక్కరూ తల దించుకోలేదు.

ఆమె మళ్లీ కూర్చుంది. "మీ నాన్నే కదా, మీరే మార్చండి."

"నేనా?"

"మీరే."

అతను తలుపు ధడాలున వేసి పోయాడు. కాసేపటికి గోడ అవతల మామగారు, సరిగ్గా తిరగని నాలుకతో పిలిచారు. కొడుకుని కాదు, "అమ్మాయ్" అని ఆమెనే. ఆ ముసలాయన ఏ పాపం చేశాడని? బీరువా తలుపులు తీసి మూసిన చప్పుడు, మళ్లీ తీసిన చప్పుడు. ఉతికిన దుప్పట్లు ఏ అరలో ఉంటాయో అతనికి తెలియదు. అరిచి చెప్పబోయి, ఆగిపోయింది.

తెర వైపు తిరిగి, "చెప్పు చెల్లీ, వింటున్నాం" అంది.