ఇంకో పావు తిప్పు

మా ఆయనకు "ఇంకొంచెం" అనే జబ్బు ఉంది. కూరలో ఉప్పు సరిపోయినా ఇంకొంచెం వేస్తారు. గోడలో మేకు గట్టిగా దిగినా ఇంకో దెబ్బ వేసి పెచ్చు ఊడగొడతారు. వాళ్ల నాన్నగారి పాత కారు పొగ పరీక్షలో రెండుసార్లు తప్పిందీ ఆ జబ్బు వల్లే.

మెకానిక్ వచ్చి, కార్బురేటర్ స్క్రూ తిప్పి, పెట్రోలూ గాలీ సమంగా కలిసేలా చేసి వెళతాడు. అతను వీధి మలుపు తిరగకముందే ఈయన స్క్రూడ్రైవర్ అందుకుని, "ఇంకో పావు తిప్పు వదిలితే హాయిగా నడుస్తుంది" అంటారు. దాంతో పెట్రోలు ఎక్కువై పొగ నల్లబడుతుంది.

రెండోసారి తప్పాక మెకానిక్ దండం పెట్టేశాడు. "సార్, ఆ స్క్రూ మీద మీ చెయ్యి పడనంతవరకూ బండికి ఢోకా లేదు. పడ్డాక నా వల్ల కాదు" అన్నాడు. ఆ ఉక్రోషంలో ఈయన నాకు మాటిచ్చారు: "మూడోసారీ తప్పితే అమ్మేస్తాను. కారు షెడ్డు నువ్వే తీసుకో."

నాకు కావలసిందీ అదే. పదకొండేళ్లుగా నా కుట్టుమిషను మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుని ఉంది. బీరువా తలుపు తీయాలంటే కుడుతున్నదాన్ని లేవాలి. షెడ్డు కొలతలు తీసి, కిటికీ ఎక్కడ పెట్టించాలో కాగితం మీద గీసి దాచుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే ఆయన బానెట్ ఎత్తారు. వంటింటికీ షెడ్డుకీ ఒకటే గోడ. ఆ గోడ అలమరలో స్టీలు గ్లాసులు ఉంటాయి. ఇంజను సరిగా లేకపోతే గలగలమంటాయి, కుదిరితే నోరు మూసుకుంటాయి. ఈ సంగతి నాకు ఏనాడో తెలుసు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

గ్లాసులు గలగలమన్నాయి. ఇంజను దగ్గి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశారు, మళ్లీ ఆగింది. అలా ఏడుసార్లయ్యాక చప్పుడే లేదు. పెరటి గుమ్మంలోంచి తొంగిచూస్తే, ఆయన కారు మీద చెయ్యి వేసి, "నాన్నా, నావల్ల కావట్లేదు" అంటున్నారు.

మిషనూ, కిటికీ ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలాయి. అయినా నోరు ఊరుకుంటేగా!

"ఇంకోసారి స్టార్ట్ చేయండి!" అని అరిచి, పరుగున వెళ్లి గ్లాసుల ముందు నిలబడ్డాను. ఆయన స్క్రూ బిగిస్తున్న కొద్దీ గలగల తగ్గింది. చివరి గ్లాసు కూడా ఊరుకుంది.

"ఆపండి! అక్కడే ఆపండి! స్క్రూడ్రైవర్ కింద పెట్టండి!"

గోడ అవతలి నుంచి గొంతు వచ్చింది. "ఇంకొంచెం..."

"చెయ్యి విరగ్గొడతాను!"

కారు పరీక్ష గట్టెక్కింది. మధ్యాహ్నం ఆయన కాలరెగరేసుకుంటూ వచ్చి, ఇంటింటి ముందూ ఆగి, "మెకానిక్కి కూడా దొరకనిది నా చెవి పట్టేసిందండీ" అని చెప్పుకున్నారు. ఇంట్లోకి వచ్చాక నాతో, "నువ్వు మధ్యలో అరవకపోతే ఇంకొంచెం బాగా కుదిరేది" అన్నారు.

అలమరలోని గ్లాసులన్నీ దించి, తీసుకెళ్లి బీరువాలో పెట్టాను. వచ్చే ఏడాది పరీక్షకు ఆయన చెవే దిక్కు. షెడ్డు కొలతల కాగితం నా దగ్గర భద్రంగానే ఉంది.