రోహిణి ఎంత వేడి

గుడివాడలో ఆ జూనియర్ కాలేజీకి టెలిస్కోపు ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లకి చూపించడానికి కొన్నారు, చూపించారు, బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి కరస్పాండెంటు భుజంగరావు గారి జేబులో ఉంటుంది. ఫిజిక్స్ చెప్పే నిస్సీకి అది కావాలి. శనివారం పిల్లల్ని హంసలదీవి సముద్రపొడ్డుకి తీసుకెళ్లి, పుస్తకంలో బొమ్మలుగా చూసిన చుక్కల్ని ఆకాశంలో చూపించాలని ఆమె పట్టుదల.

"దాంతో ఎంట్రన్సులో మార్కులొస్తాయా?" అన్నారు భుజంగరావు గారు స్టాఫ్ మీటింగులో.

"రావండీ."

"సరే, ఒకటడుగుతా. చుక్కల్లో వేడిది రోహిణే కదా?"

మాస్టార్లందరూ తలలూపారు. ఒక్క "అవునండీ"తో తాళంచెవి చేతిలో పడేది. నిస్సీ అనలేదు.

"కాదండీ. రోహిణి సూర్యుడికంటే చల్లన."

"చల్లనా? రోహిణి కార్తెలో ఓసారి పొలం గట్టు మీద నిలబడు, తెలుస్తుంది. అయినా చర్చికెళ్లేవాళ్లకి కార్తెలేం తెలుస్తాయిలే."

"మా నాయనమ్మ మీ చేలోనే నాట్లేసిందండీ. కార్తెలు తెలియకుండానే వేసిందా?"

భుజంగరావు గారు ముందున్న కాగితాలు సర్దుకున్నారు. నిస్సీయే మళ్లీ అందుకుంది.

"ఆ కార్తెలో సూర్యుడు రోహిణి ఉన్న దిక్కున ఉంటాడండీ. కాల్చేది సూర్యుడే. రోహిణి ఆ వెలుగులో మునిగి అప్పుడసలు కనపడదు."

"దాని వేడి నీకెలా తెలుసు? వెళ్లి చెయ్యి పెట్టి చూశావా?"

"వెలుగు చూసి చెప్తారండీ. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుద్ది, ఇంకా కాలిస్తే తెల్లబడుద్ది. చుక్కలూ అంతే. ఎర్రది చల్లన, నీలంది వేడి. ఆ వెలుగుని రంగులుగా విడదీస్తే మధ్యలో నల్లగీతలుంటాయి. చుక్కలో ఏముందో వాటిని బట్టే తెలుస్తుంది."

"సాయంత్రం మేడ మీద చూపించు. చూపించలేకపోయావా, హంసలదీవి మాట ఎత్తకు."

డిసెంబరు కాబట్టి తొందరగా చీకటి పడింది. అటెండరు శ్యాంబాబు టెలిస్కోపు పైకి మోసుకొచ్చాడు. భుజంగరావు గారు కన్ను పెట్టారు. రోహిణి దొరికింది, ఎర్రగా.

"మరి నీ నీలం చుక్కలేవీ?"

నిస్సీ టెలిస్కోపుని కృత్తికల వైపు తిప్పింది. మసక తప్ప ఏమీ లేదు. గేటు మీద భుజంగరావు గారు చేతులు జోడించి నవ్వుతున్న బోర్డుకి నాలుగు ఫ్లడ్‌లైట్లు. ఆ వెలుగు ఆకాశాన్ని సగం తినేసింది.

"మీ బోర్డు లైట్లు ఆపాలండీ."

శ్యాంబాబు నేల చూపులు చూశాడు. ఆ బోర్డు ఆపమన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

"ఐదు నిమిషాలే. ఆపరా!" అన్నారాయన చివరికి.

బోర్డు ఆరింది. కృత్తికలు గుప్పెడు నీలాల్లా బయటపడ్డాయి. ఆయన చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఇవి పిల్లచుక్కలండీ," అంది నిస్సీ. "రోహిణి ముసలిది. నడిమధ్యన హైడ్రోజన్ అయిపోయి, ఉబ్బింది, పైన చల్లబడింది. ఒక చుక్క బతుకంతా కూర్చుని ఎవరూ చూడలేరు కదా. అందుకే పిల్లవాటినీ ముసలివాటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు."

"ఉబ్బి అంత వెలుగుతోంది కాబట్టి వేడనుకున్నాం."

"అంతేనండీ."

శ్యాంబాబుకి దగ్గొచ్చింది. భుజంగరావు గారు తన పొట్ట వైపు చూసుకుని, జేబులోంచి తాళంచెవి తీసి నిస్సీ చేతిలో పెట్టారు.

"బస్సులో పాటలు పెట్టనివ్వకు," అని దిగిపోయారు.

కాసేపటికి బోర్డు మళ్లీ వెలిగింది. కృత్తికలు మాయమయ్యాయి. నిస్సీ టెలిస్కోపు మూత బిగించింది. హంసలదీవి ఇసుకలో ఇంకా ఎవరూ బోర్డు పెట్టలేదు.