పొక్కు పండిన రోజు

గునిల్లా మొగుడికి గడ్డం గీస్తోంది. యూనాస్ చేతులు వణుకుతాయి. సారా పడితే కాసేపు ఆగుతాయి, మళ్ళీ మొదలవుతాయి. అందుకని పెళ్ళైన రెండో ఏటినుంచీ అతని గడ్డం ఆమే గీస్తోంది. ఆ సంగతి వీధిలో తెలియకూడదు. కిటికీ మూసి గీయాలి.

మూసిన కిటికీ బయటనుంచే చేపలవాడు కబురు అరిచాడు. సరస్సు అవతల ఏకనేస్‌లో మశూచి దిగింది. సూదులూ రిబ్బన్లూ అమ్ముకునేవాడొకడు అక్కడ బస చేసి, ఒంటినిండా పొక్కులతో పడ్డాడట. ఆ వాడలో ఈ ఏడు పుట్టిన పిల్లలెవరికీ ఇంకా టీకా పడలేదు.

గునిల్లా కత్తి పక్కన పెట్టి తొట్టె దగ్గరికి పరుగెత్తింది. పాప లీసా చొక్కా చేయి పైకి జరిపి చూసింది. పోయిన వారం తను పెట్టిన గాటు మీద పొక్కు ముత్యంలా నిండి ఉంది. చుట్టూ ఎరుపు, నడుమ చిన్న గుంట. పండింది! సరిగ్గా ఇవాళే పండింది! ఒక బిడ్డ పొక్కులోని నీరు తీసి ఇంకో బిడ్డ చేతికి అంటించాలి. టీకా అలా చేతినుంచి చేతికి నడిచి రావలసిందే. రేపటికి ఈ నీరు చీముగా మారుతుంది. చీము ఎవరినీ కాపాడదు.

"ఏమండీ, ఇప్పుడే బయల్దేరాలి."

సగం నురగ మొహంతో యూనాస్ విసుక్కున్నాడు. "ఇవాళ చర్చిలో శవం ఉంది. పాట ఎత్తాలి. తర్వాత భోజనం. రేపు చూద్దాంలే."

"రేపటికి పాడైపోతుంది. పోనీ, నేను వెళ్తాను."

"నువ్వా? ఆడదాని చేతి గాటు చెల్లదే. ఉద్యోగం నాది. నవ్వులపాలు చేయక, ముందు ఈ రెండో చెంప కానీ."

ఆమె రెండో చెంప గీసింది.

చర్చి గంట కొట్టడం, పాట ఎత్తడం, పిల్లలకు టీకా వేయడం, మూడూ గంటలాయన యూనాస్ ఉద్యోగమే. జీతం ఒకటే. టీకాలకొచ్చిన మొదటి బిడ్డ చేతిని యూనాస్ ఎముక కనిపించేలా కోశాడు. ఆ మర్నాడే చర్చి వెనక గదిలో దుప్పటి తెర వెలిసింది. తల్లి కత్తిని చూస్తే పాలు విరిగిపోతాయని అతనే పుట్టించాడు. తల్లులు తెర మీదుగా బిడ్డనిచ్చేవాళ్ళు. లోపల అతను కుర్చీలో కూర్చుని గొంతెత్తి దేవుడి పాట పాడేవాడు. గునిల్లా గాటు పెట్టేది. బిడ్డ తిరిగి తెర దాటి వెళ్ళేది. దండాలూ జున్నుముద్దలూ అతనికి వచ్చేవి. "మగాడి పరువు పెళ్ళాం నోట్లో ఉంటుందే, నోరు జాగ్రత్త" అని అత్తగారు చెప్పింది. గునిల్లా నోరు మూసుకుని ఊరుకుందా? లేదు. బట్టలుతికే రేవులో తనే చాటింది: మా ఆయన హస్తవాసి మంచిదమ్మా, ఒక్క బిడ్డకూ జ్వరం నిలవదు. అబద్ధానికి కూలి లేదు. అయినా ఏళ్ళ తరబడి చేసింది. మెప్పు తనది కాకపోయినా, పిల్లలు బతికారు కదా అనుకునేది. అలా అనుకోవడం కూడా ఇంటిపనిలాంటిదే. రోజూ చేసుకోవాలి.

యూనాస్ చర్చికి వెళ్ళాడు. గునిల్లా పాపను కోటులోపల ఎదకు కట్టుకుంది. చిన్న కత్తి జేబులో వేసుకుంది. పొయ్యి మీద గంజి ఉంది. దింపలేదు. మాడనీ!

మార్చి నెల మంచు. సరస్సు మీద అప్పుడే నీళ్ళూరుతున్నాయి. అడుగు వేసినచోటల్లా మంచు కిర్రుమంది. ఒకచోట చీలమండ దాకా దిగబడింది. భయపడాలి. ఆమెకు నవ్వొచ్చింది. బిగ్గరగా నవ్వింది. ఎన్నాళ్ళయింది, ఎవరూ పంపకుండా ఎక్కడికైనా పోయి! ఎదమీద పాప వెచ్చగా తన్నుతోంది. గునిల్లా పరుగందుకుంది.

ఏకనేస్‌లో మొదటి ఇంటి తలుపు సగమే తెరుచుకుంది. బోటిల్ ముసలమ్మ తల బయటపెట్టింది. వెనక కోడలు ఎల్నా, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు.

"గంటలాయన ఏడమ్మా?"

"రాలేదు. నేనొచ్చాను. పిల్లల్ని తీసుకురండి, తొందరగా."

"ఆయన వచ్చాకే తెస్తాం. హస్తవాసి ఆయనది. రేవులో నువ్వే కదే చెప్పింది?"

గునిల్లా సగం తెరిచిన తలుపును చేత్తో పట్టుకుంది. తను కట్టిన గోడే తలుపుకు అడ్డంగా నిలబడింది. అవతలి ఇంట్లో రోగి మూలుగు ఇక్కడికి వినిపిస్తోంది.

"ఆ హస్తవాసి నాదే," అంది. "తెర వెనక ప్రతి గాటూ నేనే పెట్టాను. ఆయన పాడేవాడు, అంతే."

బోటిల్ పకపకా నవ్వింది. "ఇంకేం! శవాన్ని లేపేది కూడా నువ్వేనేమో!"

"అత్తా, నవ్వకు," అంది ఎల్నా. "ముందటేడు మా పెద్దాణ్ణి తెర మీదుగా ఇచ్చినప్పుడు నేను కిందకి చూశాను. కుర్చీ దగ్గర బూట్లు కదల్లేదు. గౌను అంచు మాత్రం బిడ్డవైపు నడిచింది."

"మరి ఇన్నాళ్ళూ అనలేదేం?" అంది గునిల్లా.

"నువ్వే అననిది నేనెందుకంటాను?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. గునిల్లా ఓర్చుకుంది. ఎల్నా తలుపు బార్లా తీసి, చంకలో బిడ్డను ముందుకు చాపింది.

కిటికీ దగ్గర బల్ల వేశారు. తెర లేదు. తల్లులు వంగి చూశారు. గునిల్లా పాప పొక్కును కత్తిమొనతో మెల్లిగా తాకింది. తేటనీరు ఊరింది. ఎల్నా బిడ్డ చేతిమీద సన్నని గీత, దాని మీద తడి. బిడ్డ ఏడవడం మరిచి కత్తి వంక చూసింది. "ఇంతేనా!" అంది బోటిల్, మనవరాలి చేయి పట్టుకుని. తర్వాతి బిడ్డ. ఆ తర్వాతి బిడ్డ. పక్క ఇళ్ళనుంచీ వచ్చారు. గునిల్లా చేయి వణకలేదు. ఎవరి పాటా లేకుండా పని ఇంత బాగా సాగుతుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ఒడ్డు చుట్టూ తిరిగి గుర్రపుబండి వచ్చి ఆగింది. యూనాస్ లోపలికి వచ్చాడు. సారా వాసన అతనికంటే ముందొచ్చింది.

"నాకు చెప్పకుండా వస్తావా? కత్తి ఇలా ఇవ్వు. నేను కూర్చుంటాను. ఒక దుప్పటి కట్టండమ్మా."

ఎవరూ దుప్పటి తేలేదు.

గునిల్లా అతని మొహం చూసింది. పొద్దున తను గీసిన నున్నటి చెంపలు. మశూచి మచ్చ ఒక్కటీ లేదు, అది అతనికి ఎప్పుడూ సోకలేదు. ఊళ్ళో ఎవరికీ తెలియనిది ఇంకొకటి ఆమెకు తెలుసు. టీకాల గంటలాయన ఒంటిమీద టీకా గాటూ లేదు. కత్తంటే అతనికి ప్రాణభయం. వచ్చే ఏడాది వేయించుకుంటానని ఏటా అంటాడు. ఇప్పుడు మశూచి మూలుగుతున్న ఇంటి గుమ్మం ముందునుంచే నడిచి వచ్చాడు.

లీసా పొక్కులో ఇంకొక్క చుక్క మిగిలింది. గునిల్లా దాన్ని కత్తిమొన మీదికి తీసుకుంది.

"కూర్చోండి," అంది, అందరికీ వినబడేలా. "చొక్కా చేయి పైకి మడవండి."